మా రోజుల్లో పుట్టగొడుగుల్ని ఎండబెట్టేవాళ్ళం

ఇప్పుడు మా ఊరు సారపాకలో ఏ కూరగాయల కొట్టు ముందు నిలబడ్డా ప్లాస్టిక్ డబ్బాలో తెల్లటి బటన్ పుట్టగొడుగులు కనిపిస్తాయి. ఎండాకాలం ఉంటాయి, చలికాలం ఉంటాయి, సంక్రాంతికీ ఉంటాయి, శ్రీరామనవమికీ ఉంటాయి. జనం దాన్ని సౌకర్యం అంటున్నారు. నాకు మాత్రం అదే మొదటి ఫిర్యాదు. ఏడాది పొడుగునా దొరికేదాన్ని ఎవరూ దాచుకోరు. దాచుకునే అవసరం లేనిదాన్ని ఎండబెట్టడం ఎవరూ నేర్చుకోరు. మా వీధిలో ప్రతి వంటింట్లోనూ ఫ్రిజ్జు ఉంది. ఎండు పుట్టగొడుగుల జాడీ ఉన్న వంటిల్లు చూపించమంటే ఎవరూ చూపించలేరు. గోదావరి ఒడ్డున, అడవి అంచున పుట్టిన ఊరికి ఇది తగునా?

మా రోజుల్లో పుట్టగొడుగు వానతో వచ్చేది, వానతో పోయేది. రోహిణి ఎండలకు నేల నెర్రెలిచ్చి, మృగశిరలో తొలి జల్లులు పడి, ఆరుద్ర కార్తె వచ్చేసరికి, అంటే జూన్ 22 దాటాక, రాత్రి ఉరుములు మొదలయ్యేవి. ‘ఇంతగా ఉరిమింది, రేపు పుట్టలు పగులుతాయి’ అనేది మా అత్తగారు. ఉరుముకూ పుట్టగొడుగుకూ సంబంధం ఏమిటని చదువుకున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. జపాన్‌లో ఇవాటే విశ్వవిద్యాలయం వాళ్ళు పుట్టగొడుగులు పెంచే మొద్దులకు మెరుపులాంటి విద్యుత్తు తగిలించి చూస్తే దిగుబడి పెరిగిందని తేల్చాక ఆ నవ్వు ఆగింది. పెద్దవాళ్ళ మాటను కొట్టిపారేసే ముందు ఒకసారి నేల వైపు చూడాలి.

తెల్లవారేసరికి అడవి పల్లెల నుంచి కోయ ఆడవాళ్ళు గంపలతో వచ్చేవాళ్ళు. పుట్టగొడుగులు ఆకుల్లో చుట్టి ఉండేవి, మట్టి ఇంకా తడిగానే అంటుకుని ఉండేది. తూకం లేదు, కుప్ప లెక్క. ‘అక్కా, రాత్రి వానకు లేచినయ్, మధ్యాహ్నానికి ఆగవు, తొందరగా తీసుకో’ అనేవాళ్ళు. డబ్బులే ఇవ్వాలని లేదు. బియ్యం పోసినా, ఉప్పు ఇచ్చినా, ఎండు చేపలు పెట్టినా సరే. ఒక్కోసారి కుప్ప పక్కన ఇంకో గుప్పెడు విడిగా వేసేవాళ్ళు, పిల్లలకని. ఆ చేతుల్ని నమ్మి మేము తిన్నాం. ఏది తినేదో ఏది తినరానిదో వాళ్ళకు తల్లి చెప్పింది, ఆ తల్లికి ఆమె తల్లి చెప్పింది. ఇవాళ ఆ పరంపరకు ఎవరూ విలువ కట్టరు. రంగుల బొమ్మ ఉన్న డబ్బాకు మాత్రం అడిగినంత ఇస్తారు.

పుట్టగొడుగు పుట్ట మీద ఎందుకు వస్తుందో ఇప్పటి పిల్లలు చాలామందికి తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, చెప్పనిది మనం. పుట్ట లోపల చెదలు ఎండుటాకులూ పుల్లలూ నమిలి తెచ్చి గూళ్ళు కడతాయి. ఆ గూటి మీద బూజులాంటి శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. మనిషి నాగలి పట్టకముందు కోట్ల ఏళ్ళ నుంచీ చెదలు చేస్తున్న సేద్యం ఇది. వానలకు ఆ శిలీంధ్రమే లోపలి నుంచి పొడవాటి కాడ సాగదీసుకుని మట్టిని చీల్చుకు పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. అందుకే పుట్టగొడుగు కాడ కింద వేరులాగా లోతుకు దిగి ఉంటుంది. ఫ్రాన్సుకు చెందిన రోజే హైమ్ అనే శాస్త్రజ్ఞుడు 1942లో ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదలు లేకుండా దీన్ని షెడ్డులో పండించి అమ్మడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. పుట్ట ఉంటేనే పుట్టగొడుగు.

అందుకని కోసేవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. పుట్టను గునపంతో పొడవకూడదు. కాడ మొదలు పట్టి మెల్లగా తిప్పుతూ లాగాలి. చోటును మళ్ళీ మట్టితో కప్పాలి. బాగా విచ్చి అంచులు చిరిగినవాటిని ముట్టకూడదు, వాటి పొడి రాలితేనే పై ఏడు మళ్ళీ లేస్తాయి. ఫలానా పుట్ట ఫలానా కార్తెలో ఇస్తుందని గుర్తుపెట్టుకునేవాళ్ళు. మా రోజుల్లో ఒక్కో ఇంటికి ఒక్కో పుట్ట తెలుసు, ఇంకొకరి పుట్ట జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

ఇక వండగా మిగిలినవి ఎండబెట్టడం. అసలు చిక్కంతా ఇక్కడే. మిరపకాయలు ఎండాకాలంలో కోస్తాం, ఎండలో పోస్తాం, ఎండుతాయి. మామిడి ఒరుగులూ అంతే, వంకాయ ఒరుగులూ అంతే. పుట్టగొడుగు మాత్రం సూర్యుడు మొహం చాటేసినప్పుడే వస్తుంది. ముసురు పట్టిందంటే వారం పాటు బట్ట ఆరని రోజులు అవి. పచ్చి పుట్టగొడుగులో పదోవంతే సరుకు, తొమ్మిది వంతులు నీళ్ళు. పది కిలోలు ఎండితే కిలో మిగలడం గగనం. ఆ నీళ్ళను ఒక్కరోజులో చాలా మటుకు తీసేయకపోతే మర్నాటికి జిగురు కట్టి, నల్లబడి, వాసన వేస్తుంది. వానాకాలంలో ఎండబెట్టగలగడమే మా ఆడవాళ్ళ పనితనం. అది చేతకాని ఇంటికి పుట్టగొడుగు ఆ పూట కూరే, రేపటి కూర కాదు.

మా అత్తగారి పద్ధతి చెప్తాను. ముందు నీళ్ళు తగలనివ్వకూడదు. కడిగితే తాగేస్తుంది, తాగింది ఎండదు. తడి పిండేసిన గుడ్డతో మట్టి తుడవాలి, కాడ అడుగున మట్టి పట్టిన ముక్కను కత్తితో కోసి పారేయాలి. గొడుగుల్ని కత్తితో కాదు, చేత్తో నిలువునా చీల్చాలి. చీలికలు ఒకే మందంలో ఉండాలి, లేకపోతే పలుచనిది మాడేలోపు మందంది కుళ్ళుతుంది. మధ్యాహ్నం మబ్బు తొలగి కాస్త ఎండ పొడిస్తే చేటల్లో పరిచి, గొడుగు లోపలి రేకులు పైకి ఉండేలా పెట్టి అరుగు మీద ఉంచాలి. ఆకాశం వైపు ఒక కన్ను ఉండాల్సిందే. చినుకు పడగానే లోపలికి. పొద్దు వాలాక పొయ్యి పైన వేలాడే వెదురు తడక మీదికి. కొన్నింటిని సూది దారంతో దండ గుచ్చి ఆ తడక కిందే కట్టేది.

పొయ్యి మంట తగలకూడదు, సెగ తగలాలి. రాత్రి వంట అయ్యాక నివురు కప్పిన నిప్పులు తెల్లవార్లూ సన్నగా వేడి ఇస్తాయి. ఆ వేడి, ఆ పొగ రెండూ పని చేస్తాయి. వేడి తడిని లాగుతుంది, పొగ పురుగును రానివ్వదు. మొదట్లోనే ఎక్కువ సెగ పెడితే పైపొర బిగుసుకుపోయి లోపలి తడి లోపలే ఉండిపోతుంది. అలాంటి ముక్క పైకి ఎండినట్టే కనిపిస్తుంది, జాడీలో వేశాక నెలలోపు బూజు పడుతుంది. ‘తొందర పెడితే మోసం చేస్తుంది’ అని మా అత్తగారు నా చేతిలోని ఎగదోసే కర్ర లాక్కునేది. ముక్కను వంచి చూడాలి. తోలులా వంగితే ఇంకా కాలేదు, పుటుక్కున విరిగితే అయింది. విరిగిన వాటిని చల్లారనిచ్చి, బాగా ఆరిన జాడీలో ఎండు వేపాకు పరిచి పోసి, మూతకు గుడ్డ కట్టి అటకెక్కించేది. వానాకాలం వెళ్ళి హస్త కార్తె ఎండలు వచ్చాక ఒకసారి దించి, మళ్ళీ ఎండ చూపించి, ఏరి, మళ్ళీ పెట్టేది. అప్పుడిక ఉగాది దాకా దిగులు లేదు.

ఇదంతా చెప్తే ‘అంత కష్టం ఎందుకు పడ్డారు నానమ్మా’ అంటుంది మా మనవరాలు. ఎందుకో గోదావరిని అడగాలి. మాకు ఆషాఢ శ్రావణాలంటే వరద. భద్రాచలం దగ్గర నీళ్ళు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చింది. గోదావరి మీద 1965లో కట్టిన వంతెన ఉంది కదా అనుకుంటాం గానీ, నీళ్ళు అంత ఎత్తుకు వచ్చినప్పుడు వంతెన ఎక్కడానికి దారే మునుగుతుంది. సంత లేదు, కూరగాయల బండి లేదు, పాలు లేవు. అటక మీద ఉన్నదే ఆధారం. ఎండు చేప, చింతపండు, పప్పు, ఎండుమిర్చి, ఎండు పుట్టగొడుగు. ఆ రోజుల్లో మా ఇంట్లోనే కాదు, మిట్ట మీద ఉన్న ఏ ఇంట్లో తలదాచుకున్నా పులుసు పొగలు కక్కుతూ ఉండేది. 2022 జూలైలో 71.3 అడుగుల వరద వచ్చింది. మా వీధిలో కరెంటు పోయి ఫ్రిజ్జులన్నీ చీకట్లో నిలబడ్డాయి. ప్లాస్టిక్ డబ్బాల్లోని పుట్టగొడుగులు రెండో రోజుకే పారబోశారు. బిస్కెట్ల ప్యాకెట్ల కోసం ఎదురు చూశారు. నాకు కడుపు తరుక్కుపోయింది. ఎండబెట్టడం రుచి కోసం మాత్రమే అనుకునేవాళ్ళు ఆ రెండు వరదల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అలాగని రుచి చిన్న విషయం కాదు. ఎండు పుట్టగొడుగు పచ్చిదానికి బదులు కాదు, అది వేరే సరుకు. జపాన్ వాళ్ళు దీని మీద శ్రద్ధ పెట్టి పరిశోధించారు. 1908లో కికునే ఇకెడా అనే ఆచార్యుడు సముద్రపు నాచు కాచిన నీళ్ళలోని కమ్మదనానికి కారణం గ్లుటమేట్ అని తేల్చాడు. 1957లో అకిరా కునినాక అనే ఆయన వాళ్ళ షిటాకే ఎండు పుట్టగొడుగులోని కమ్మదనానికి గ్వానిలేట్ అనే ఇంకో పదార్థం కారణమని కనిపెట్టాడు. పచ్చి షిటాకేలో అది ఉండీ లేనట్టు ఉంటుంది. ఎండి, నీళ్ళలో నాని, మెల్లగా వేడెక్కేటప్పుడు తయారవుతుంది. నీళ్ళు ఒక్కసారిగా మరిగిస్తే అంతగా పుట్టదు. ఈ రెండు పదార్థాలూ ఒకే గిన్నెలో కలిస్తే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. టమాటాలో మొదటిది దండిగా ఉంటుంది. మా అత్తగారు నానిన నీళ్ళను సన్న సెగ మీద పెట్టి, అందులో రెండు పండిన టమాటాలు పిసికి వేసేది. ఆమె ఏ ఆచార్యుణ్ణీ చదవలేదు.

ఎండలో పెట్టడంలోనూ ఒక మేలుంది. పుట్టగొడుగులో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది విటమిన్ డి2గా మారుతుంది. గొడుగు లోపలి రేకుల్ని పైకి తిప్పి పెడితే ఎక్కువగా మారుతుంది. ఇవాళ ఊళ్ళో సగం మందికి డాక్టర్లు డి విటమిన్ మాత్రలు రాస్తున్నారు. అరుగులూ పోయాయి, అరుగు మీద చేటలూ పోయాయి.

ఇప్పుడు నానబెట్టడం గురించి. ఈ ఒక్క ముక్క కోసమే ఇదంతా రాస్తున్నానన్నా తప్పులేదు, ఎందుకంటే ఎండు పుట్టగొడుగుల ప్యాకెట్ పట్నం నుంచి తెచ్చుకున్న ఇళ్ళలో కూడా చేసే ఘోరం ఇక్కడే జరుగుతోంది. మరిగే నీళ్ళు పోస్తారు, పది నిమిషాలు ఉంచుతారు, జల్లెడలో వంపేస్తారు, నీళ్ళు సింకులోకి పోతాయి. రుచిలో సగం ఆ నీళ్ళతో పోయింది. మొన్న మా కోడలు అడిగింది.

‘అత్తయ్యా, ఈ నీళ్ళు పారబోసేదా?’

‘పారబోయకమ్మా. ముక్కలు పారబోసినా ఊరుకుంటాను గానీ అవి పారబోస్తే ఊరుకోను.’

నిజంగానే అన్నాను. పద్ధతి ఇది. ఎండు ముక్కల్ని ముందు చల్లటి నీళ్ళలో ఒక్కసారి ముంచి తీయాలి, పైన ధూళి పోవడానికి. ఆ నీళ్ళు పారబోయవచ్చు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు ముక్కలు మునిగి పైన నాలుగు వేళ్ళు ఉండేలా పోసి అరగంట వదిలేయాలి. కాడలు గట్టివైతే గంట. మధ్యలో కదపకూడదు. పుట్ట మట్టి, సన్న ఇసుక అడుగుకు చేరతాయి. అప్పుడు ముక్కల్ని చేత్తో పైకి తీయాలి, గిన్నె వంచకూడదు. వంచితే అడుగున చేరిన ఇసుక మళ్ళీ ముక్కలకే పడుతుంది. తీసినవాటిని మెల్లగా పిండి, పిండిన నీళ్ళను కూడా అదే గిన్నెలోకి పోసి, పలుచని గుడ్డలో వడకట్టాలి. అడుగున మిగిలిన రెండు చెంచాల బురద నీళ్ళు మాత్రం పోనివ్వాలి. మిగతాది బంగారం.

పులుసు ఇలా పెట్టేవాళ్ళం. మట్టి చట్టిలో నూనె కాచి, చిటికెడు మెంతులు, వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచినవి, ఎండుమిర్చి తుంచి వేసి, ఉల్లిపాయ ఎర్రబడేదాకా వేయించాలి. నూనె అంటే అడవి ఊళ్ళలో ఇప్ప నూనె, మా ఇంట్లో నువ్వుల నూనె. నానిన ముక్కలు వేసి నీరు ఇంకేదాకా తిప్పాలి. ఈ దశ దాటవేసేవాళ్ళ పులుసులో ముక్క చప్పగా ఉంటుంది. ఉప్పు, పసుపు, కారం పడ్డాక వడకట్టిన నీళ్ళు, నిమ్మకాయంత చింతపండు పులుసు, పిసికిన టమాటా కలిపి సెగ తగ్గించాలి. వేయించి దంచిన ధనియాలు, నువ్వుల పొడి ఆఖరున. నువ్వుల పొడి వేశాక చిక్కబడుతుంది, అప్పుడు దించాలి. దించిన వెంటనే తినకూడదు, చట్టిలోనే ఒక గంట ఊరాలి. జొన్న గటకలో గుంట చేసి ఈ పులుసు పోసుకుంటే ఇంకే కూరా అక్కర్లేదు. మాంసం తెచ్చుకోలేని రోజుల్లో మాంసం తిన్నంత తృప్తి పడి లేచేవాళ్ళు మగవాళ్ళు.

కందిపప్పులో వేసినా బాగుంటుంది. గోంగూరలో వేసినా సరే, అయితే చింతపండు మానేయాలి. ముక్కలు పొడి పొడిగా చిదిగిపోయినవి జాడీ అడుగున మిగులుతాయి. వాటిని నూనె లేకుండా మూకుట్లో వేయించి, ఎండుమిర్చి, ధనియాలు, వెల్లుల్లి, ఉప్పుతో రోట్లో దంచితే అన్నంలోకి పొడి. బాలింతకు కారం తగ్గించి పెట్టేవాళ్ళం.

ఇప్పటి వంట చూస్తే నాకు దుఃఖం వస్తుంది. డబ్బా తెరుస్తారు, బటన్ పుట్టగొడుగుల్ని పంపు కింద పావుగంట నానబెట్టినట్టు కడుగుతారు, అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, జీడిపప్పు ముద్ద, ఆ పైన క్రీము. తిన్నవాడికి పుట్టగొడుగు తిన్నానో పనీర్ తిన్నానో తెలియదు. బటన్ పుట్టగొడుగు చలిప్రాంతాల పంట, 14 నుంచి 18 డిగ్రీల చలిలో కాస్తుంది. మన వేడిలో దాన్ని ఏసీ గదిలో పెంచి, చల్లటి వాహనంలో తెచ్చి అమ్ముతారు. దానికి ఉండే కాస్త కమ్మదనాన్ని కూడా మసాలా కింద పాతిపెట్టడం ఎవరి కోసం?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మా రోజుల గొప్ప చెప్పానని ఎవరూ వానకు లేచినవన్నీ కోసుకు రావద్దు. మాకు తెలిసినవాళ్ళు ఉన్నారు, తెలిసిన పుట్టలు ఉన్నాయి. ఇప్పుడు మిల్లు క్వార్టర్ల ముందు గడ్డిలో, బడి ఆవరణలో, పార్కుల్లో తెల్లగా పళ్ళెమంత లేస్తున్నవి చూడటానికి బాగుంటాయి. వాటిలో ముదిరాక లోపలి రేకులు ఆకుపచ్చగా మారేది ఒకటుంది, అది విషం. వాంతులూ విరేచనాలతో ఆసుపత్రి పాలు చేస్తుంది. దానికన్నా ఘోరమైనవీ ఉన్నాయి. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఏమీ తెలియనివ్వకుండా ఉండి, తర్వాత కాలేయాన్ని తినేస్తాయి. వెండి చెంచా నల్లబడితే విషమని, వెల్లుల్లి రంగు మారితే విషమని, చీమలు పడితే మంచిదని చెప్పేవన్నీ ఒట్టి మాటలు. ఉడికించినా ఆ విషం పోదు. ఎండబెట్టినా పోదు. ఎండబెట్టడం రుచిని నిలుపుతుంది, విషాన్నీ అలాగే నిలుపుతుంది. తెలియనిదాన్ని ఎండబెట్టి జాడీలో పెట్టడమంటే విషాన్ని ఏడాదికి సరిపడా దాచుకోవడమే. చేత్తో పట్టి చూపించి చెప్పగల మనిషి లేకపోతే అడవి పుట్టగొడుగు జోలికి పోవద్దు. పొరపాటున తిని కడుపులో తిప్పితే, తగ్గిపోయినట్టు అనిపించినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, వండిన ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళాలి.

ఆ చెప్పగల మనుషులు తగ్గిపోతున్నారని నా బాధ. పుట్టలూ తగ్గిపోతున్నాయి. 1979లో కాగితం మిల్లు మొదలయ్యాక మా పల్లె పట్నమైంది, పనులు వచ్చాయి, బడులు వచ్చాయి, మా ఇంటి పిల్లలూ చదువుకున్నారు. ఆ మేలు కాదనను. కానీ చుట్టుపక్కల భూముల్లో జామాయిల్, సుబాబుల్ వరసలు వచ్చాయి, ట్రాక్టరు వచ్చింది, దున్నేవాడికి పుట్ట అడ్డమైంది. వెనక ఎద్దుల నాగలి పుట్టను చుట్టి పోయేది. ఇప్పుడు పుట్టను నేలమట్టం చేసి, మళ్ళీ లేవకుండా మందు పోస్తున్నారు. ఇల్లు కట్టే ముందు పునాదిలో చెద మందు పోయించుకోండి, సరే. పొలం గట్టు మీద ఉన్న పుట్ట మీ ఇంటి తలుపును తినడానికి రాదు. నాగులచవితికి పాలు పోసే పుట్టకు దండం పెట్టి, దాని పక్కనే ఉన్న పుట్టను తవ్వి పారేయడం నాకు మింగుడు పడదు.

మిగతా చోట్ల చూడండి. మనకు ఎగువన బస్తర్‌లో సాల్ చెట్ల కింద తొలివానలకు బోడ అనే పుట్టగొడుగు వస్తుంది. జగదల్‌పూర్ సంతలో మొదట వచ్చిన సరుకు కిలో వేయి రూపాయలు దాటుతుంది, అయినా ఎగబడి కొంటారు. కాశ్మీరులో, హిమాచల్‌లో గుచ్చి అనే అడవి పుట్టగొడుగును కొండ జనం ఏరి దండలు గుచ్చి ఎండబెడతారు. కిలో వేలల్లో పలుకుతుంది, పెద్ద పెద్ద హోటళ్ళకు పోతుంది. ఇటలీ వాళ్ళు పోర్చీనీ ఒరుగుల్ని దేశదేశాలకు అమ్ముతారు. మా దగ్గర అంతకు తీసిపోని సరుకు ఆకుల్లో వచ్చి, మధ్యాహ్నం దాకా అమ్ముడుపోక, సాయంత్రానికి నల్లబడి గోదాట్లో కలుస్తోంది. కోసినామె చేతికి కూలి కూడా రాదు. అడవి సరుకు కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది. తేనె, చింతపండు, జిగురు, ఇప్పపువ్వు కొంటుంది. వెదురు తడకలూ చిన్న ఆరబెట్టే యంత్రమూ ప్రతి గుంపుకూ ఇచ్చి, తినదగినవి ఏవో తెలిసిన పెద్దావిడ ఏరి పెట్టిన ఎండు పుట్టగొడుగులకూ ఒక ధర కడితే ఎంత బాగుండు.

అడవి పుట్టగొడుగులు దొరకనివాళ్ళు ఏం చేయాలని అడుగుతారు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు తెచ్చుకోండి. వరిగడ్డి మీద పండుతాయి, మన వాతావరణంలో వానాకాలం, చలికాలం బాగా వస్తాయి, బటన్‌కన్నా ఎంతో బాగా ఎండుతాయి. వేసవిలో కూడా కావాలంటే పాల పుట్టగొడుగు ఉంది, అది 30 నుంచి 35 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది. వరిగడ్డిని నానబెట్టి, వేడి నీళ్ళలో ఉడికించి, ఆరబెట్టి, సంచుల్లో విత్తనంతో పొరలు పొరలుగా నింపితే మూడు నాలుగు వారాల్లో ముత్యపు చిప్పలు విచ్చుకుంటాయి. మా చుట్టుపక్కల మహిళా సంఘాల పిల్లలు కొందరు వేస్తున్నారు, చూసి సంతోషపడ్డాను. మిగిలినవి పారేస్తున్నారని విని మాత్రం కోప్పడ్డాను.

పొయ్యి లేదు, తడక లేదు అని సాకు చెప్పవద్దు. ముక్కల్ని నిలువునా చీల్చి, శుభ్రమైన నూలుగుడ్డ మీద పలుచగా పరిచి రాత్రంతా ఫ్యాను కింద పెట్టండి. అచ్చు కాగితం మీద వేయవద్దు, సిరా అంటుకుంటుంది. పొద్దున తిరగేయండి, ఎండ వస్తే డాబా మీద, పైన దోమతెర గుడ్డ కప్పి. ముసురైతే ఓవెన్ 50 డిగ్రీల దగ్గర పెట్టి, తలుపు వేలెడంత తెరిచి ఉంచి, చివర్లో 60 దాకా పెంచండి. ఆరు నుంచి పది గంటలు పడుతుంది. విరిచి చూసి గాజు సీసాలో పోయండి. రెండు రోజులు ఆ సీసాను రోజూ చూడండి. లోపల గాజుకు చెమ్మ పడితే ఇంకా తడి ఉందన్నమాట, తీసి మళ్ళీ ఎండబెట్టండి. బూజు కనిపిస్తే సీసా మొత్తం పారేయండి, పైన తీసేసి కింద వాడుకోవద్దు.

ఆరుద్ర కార్తె ప్రతి ఏడూ జూన్ ఆఖరుకు వస్తుంది. ఈసారి సంతలో ఆకు పొట్లం పట్టుకుని కూర్చున్న ఆడమనిషి దగ్గర బేరం ఆడకుండా కొనండి, ఇవి ఏ పుట్టవో, ఎలా గుర్తుపట్టావో అడగండి, ఆమె చెప్పేది మీ పిల్లల చేత వినిపించండి. పొలం గట్టు మీద పుట్ట ఉంటే ఉండనివ్వండి. వండగా మిగిలిన గుప్పెడు చీల్చి ఎండబెట్టండి. నానబెట్టిన నీళ్ళు మాత్రం పారబోయవద్దు.